గంట కొడితే దండం పెట్టే రాజ్యం

అనగా అనగా, మన కృష్ణా గోదావరులకు ఎంతో దూరాన, మంచుకొండలకు ఆవలివైపున, చీనా దేశంలో ఒక చిన్న రాజ్యం ఉండేది. పటంలో వెతికితే దొరకదు. కథ చెప్పుకోవడానికి పేరంటూ ఒకటి కావాలి కనుక దాన్ని యిన్‌షా అందాం.

ఆ కాలంలో చీనా అంతా ఒక్కటిగా లేదు. పేరుకు పైన ఒక మహారాజు ఉండేవాడు గానీ ఆయన మాట వినేవాళ్ళు లేరు. ఎవరి కోట వారిది, ఎవరి కత్తి వారిది. కొర్రచేలు కోతకు రాకముందే సేనలు వాటిని తొక్కుకుంటూ పోయేవి.

యిన్‌షాను ఏలే రాజు పేరు హావో. పసితనంలోనే తండ్రి యుద్ధంలో పోతే గద్దె ఎక్కాడు. పెద్దవాడయ్యేదాకా రాజ్యభారం మోసింది చిన్నాన్న దూచాంగ్. దూచాంగ్ చెడ్డవాడు కాదు. కానీ అన్నగారు నమ్మినవాళ్ళే శత్రువుకు కోట తలుపులు తీయడం కళ్ళారా చూశాడు. ఆనాటి నుంచి మనుషుల మీద నమ్మకం పోయింది.

"భయమే రాజుకు బలం నాయనా" అని హావోకు నూరిపోసేవాడు. "నిన్ను చూసి మనిషి వణకాలి. వణకని మనిషి రేపు నీ మీదికే వస్తాడు."

హావోకు తెలిసిన చదువు అదొక్కటే. దానితోనే రాజ్యం చేయడం మొదలుపెట్టాడు.

ఒక ఏడు పంటలు సరిగా పండలేదు. అక్కడక్కడ దొంగతనాలు జరిగాయి. రాజుకు కోపం వచ్చి మొదటి ఆజ్ఞ వేశాడు. గుప్పెడు గింజలు తీసినా సరే, ఎవరికి ఏ హాని చేసినా సరే, వాణ్ణి జీవితాంతం రాళ్ళ క్వారీలో పనికి తోలేయాలి. పట్టుబడినవాడి మాట వినేది లేదు.

మరి దొంగలు తగ్గారా? తగ్గలేదు సరికదా, పెరిగారు. గుప్పెడు తీసినా అదే శిక్ష, బస్తా తీసినా అదే శిక్ష అయితే, ఆకలిగొన్నవాడు బస్తానే తీస్తాడు కదా!

అలాంటి రోజుల్లో ఒక ముసలాయన ఎద్దుబండి మీద కోటకు వచ్చాడు. ఒంటిమీద అతుకుల అంగీ, చంకలో ఒక తీగల వాద్యం. పేరు గావోలిన్. రాజుగారికి నాలుగు మంచి మాటలు చెప్పడానికి వచ్చానని కావలివాళ్ళతో అన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూనే లోపలికి తీసుకుపోయారు.

"నా దగ్గరికి వచ్చేవాళ్ళు గుర్రాలు తెస్తారు, విల్లులు తెస్తారు" అన్నాడు హావో. "నువ్వేం తెచ్చావు ముసలాయనా?"

"దారిలో చూసిన సంగతి ఒకటి తెచ్చాను ప్రభూ. మీ ఊరి పొలిమేరలో ఒక పెద్దాయన కాలు జారి బురదలో పడ్డాడు. ఎంతోమంది అటుగా నడిచి వెళ్ళారు. ఒక్కరూ చెయ్యి అందించలేదు."

"నా ప్రజలు అంత రాతిగుండెలవాళ్ళా?"

"కాదు ప్రభూ. వాళ్ళ కళ్ళల్లో నీళ్ళున్నాయి. దగ్గరికి వెళితే 'నువ్వే తోశావు' అని పట్టుకుపోతారని భయం. మీ ఆజ్ఞ వాళ్ళ చేతులు కట్టేసింది. ఆయన్ని నేను లేపి బండిలో ఇంటికి చేర్చాను. ఆ కారణంగా నేనూ క్వారీకి వెళ్ళాలంటే వెళతాను."

దూచాంగ్ కత్తి మీద చెయ్యి వేశాడు. రాజుకు మాత్రం కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువైంది. ఇంతవరకూ తన ఎదుట ఎవరూ ఇలా మాట్లాడలేదు.

"ఇలా మాట్లాడటం నీకెవరు నేర్పారు?"

ముసలాయన ముఖం వెలిగింది. తన గురువుల మాట అడిగితే ఏ శిష్యుడికి సంతోషం కాదు?

"లూ దేశంలో ఒక మహానుభావుడు ఉండేవారు ప్రభూ. కోంగ్ వంశం వారు. జనం ఆయన్ని కోంగ్ ఫూజి, అంటే కోంగ్ గురువుగారు అనేవారు. ఆయన్ని కళ్ళారా చూసే భాగ్యం నాకు లేదు. ఆయన దగ్గర చదువుకున్నవారి దగ్గర నేను చదువుకున్నాను. వాళ్ళు పెట్టిన జ్ఞానభిక్షే నేను తింటున్నది."

పిల్లలూ, ఆ కోంగ్ గురువుగారినే ఇవాళ లోకమంతా కన్ఫ్యూషియస్ అంటోంది. ఆయన పుట్టి రెండున్నర వేల ఏళ్ళు దాటింది. ఇక గావోలిన్ ఏం చెప్పాడో వినండి.

"ఆయన పసివాడుగా ఉండగానే తండ్రి పోయాడు. తల్లి పేదరికంలో పెంచింది. పెద్దయ్యాక ధాన్యపు కొట్లు చూసుకున్నారు, పశువుల మందలు చూసుకున్నారు. చదువంటే ప్రాణం. సంగీతమంటే అన్నం మరిచిపోయేవారు. లోకం కొట్టుకు చస్తుంటే చూడలేక, పూర్వకాలపు మంచి రాజులు ఎలా బతికారో, మనుషులు ఒకరితో ఒకరు ఎలా మర్యాదగా మెలిగారో వెతికి వెతికి నేర్చుకున్నారు. తాను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదనీ, పెద్దల నుంచి అందుకున్నదే అందిస్తున్నాననీ చెప్పుకునేవారు. కొన్నాళ్ళు కొలువు చేశారు. తరవాత ఏళ్ళ తరబడి దేశదేశాలు తిరిగి రాజులకు చెప్పి చూశారు."

"రాజులు విన్నారా?"

"గౌరవించారు, భోజనం పెట్టారు. మాట మాత్రం వినలేదు."

హావోకు నవ్వు వచ్చింది. "అయితే ఓడిపోయాడన్నమాట."

"ముసలితనంలో సొంత ఊరికి తిరిగి వచ్చి పాఠాలు చెప్పారు ప్రభూ. అంతకుముందు చదువు పెద్దింటి బిడ్డలకే. ఆయన తలుపు మాత్రం అందరికీ తెరిచే ఉండేది. గురుదక్షిణగా ఎండు మాంసం కట్ట తెచ్చినా చాలు, కూర్చోబెట్టి చెప్పేవారు. పుట్టుకతో ఎవడూ గొప్పవాడు కాడనీ, తనను తాను దిద్దుకున్నవాడే గొప్పవాడనీ ఆయన నమ్మకం. నా తండ్రి గాడిదలు తోలేవాడు. ఆ తలుపు తెరవకపోతే నేనివాళ మీ ముందు నిలబడేవాణ్ణి కాదు. ఆయన ఓడిపోయారో గెలిచారో మీరే చెప్పండి."

రాజు ముందుకు వంగాడు. "ఏ దేవుడి పేరు చెప్పేవాడు?"

"పైనున్న ఆకాశమంటే ఆయనకు ఎంతో భక్తి. పితరులకు పెట్టేది శ్రద్ధగా పెట్టమనేవారు. దేవుళ్ళ గురించీ, చచ్చాక ఏమవుతుందన్న దాని గురించీ ఎక్కువ మాట్లాడేవారు కారు. ఎదురుగా ఉన్న మనిషిని ఎలా చూసుకుంటున్నావు? మొదటి ప్రశ్న అదే." గావోలిన్ కిందికి వంగి, నేల మీది దుమ్ములో వేలితో ఒక అక్షరం రాశాడు. "దీన్ని రెన్ అంటాం. ఇటుపక్కది మనిషి గుర్తు. అటుపక్క గీతలు రెండు, అంటే ఇద్దరు. మనిషితో మనిషికి ఉండవలసిన మంచితనం అని అర్థం. ఒంటరిగా కూర్చున్నవాడికి ఈ గుణం అబ్బదు. ఇది మొదట అమ్మానాన్నల దగ్గరే మొలుస్తుంది. వాళ్ళ మీద ప్రేమ ఉన్నవాడు అన్నదమ్ములతో, భార్యతో, స్నేహితుడితో, రాజుతో కూడా చక్కగా మసలుకుంటాడు."

ఆ చివరి మాట హావో చెవిలో గంటలా మోగింది. తల్లిదండ్రులకు వంగినవాడు రాజుకూ వంగుతాడు! ఇంత చిన్న ఉపాయం ఇంతవరకూ చిన్నాన్నకు తట్టనేలేదే!

"చాలు, అర్థమైంది!" అంటూ చప్పట్లు కొట్టాడు. "దండోరా వేయించండి!"

"ప్రభూ, కాస్త ఆగండి, ఇంకా..." అని ముసలాయన అంటూనే ఉన్నాడు. దండోరావాడు అప్పటికే డప్పు తగిలించుకుంటున్నాడు.

అది రెండో ఆజ్ఞ. రోజూ పొద్దున కోటలో గంట మోగుతుంది. మోగిన మరుక్షణం రాజ్యంలోని కొడుకులూ కోడళ్ళూ గడప ముందు పెద్దవాళ్ళను నిలబెట్టి మూడుసార్లు వంగి దండం పెట్టాలి. పెట్టనివాళ్ళకు కొరడా దెబ్బలు. చూడటానికి వీధివీధికీ భటులు.

ఇక చూడండి తమాషా! గంట మోగడం ఆలస్యం, వెచ్చగా పడుకున్న ముసలివాళ్ళను లాక్కొచ్చి చలిలో నిలబెట్టేవాళ్ళు. కొడుకులు టకటకా మూడుసార్లు వంగి లేచేవాళ్ళు. భటుడు అటు వెళ్ళగానే వీళ్ళు ఇటు పోయేవాళ్ళు. తిరిగి లోపల పడుకోబెట్టాలని ఎవరికీ గుర్తుండేది కాదు. తల్లిదండ్రులు లేని ఒకాయన, ఎందుకైనా మంచిదని పక్కింటి తాతకు మొక్కడం మొదలుపెట్టాడు. ఆ తాతకు సొంత కొడుకులు నలుగురు. మొక్కులు అందుకోలేక ఆయన నడుం పట్టేసింది.

"మా వాడు రోజూ మూడు దండాలు పెడుతున్నాడు. దుప్పటి అడిగితే మాత్రం వినపడనట్టు పోతున్నాడు" అని ఒక అవ్వ దగ్గుతూ పొరుగావిడతో చెప్పుకుంది.

కోట బురుజు మీద నిలబడి చూస్తే మాత్రం వీధులన్నీ ఒక్కసారిగా వంగి లేచేవి. హావోకు కన్నుల పండువుగా ఉండేది. గావోలిన్ మాత్రం కోట గుమ్మం దగ్గర తన వాద్యం తీగలు సవరించుకుంటూ కూర్చునేవాడు.

ఒకనాడు భటులు ఒక ఆడమనిషిని సభకు పట్టుకొచ్చారు. ఆమె పేరు చియావో. కుండలు చేసి బతుకుతుంది. భర్త యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. వీపు మీద ఒక ముసలావిడను మోసుకుని వచ్చింది. ఆమె అత్తగారు.

"గంట మోగినా ఈమె లేవలేదు ప్రభూ. ఒకసారి కాదు, వరసగా మూడు పొద్దులు" అన్నాడు భటుడు.

"ఎందుకు లేవలేదు?" అని రాజు ఉరిమాడు.

చియావో అత్తగారిని మెల్లగా కింద కూర్చోబెట్టి, చెమట తుడుచుకుని చేతులు కట్టుకుంది. "ప్రభూ, మా అత్తమ్మకు కీళ్ళ వాపు. పొద్దున్నే వేన్నీళ్ళలో పెట్టించి కాళ్ళు పడితే గానీ నిలబడలేదు. గంట మోగేది సరిగ్గా ఆ వేళకే. నేను లేచి వెళితే నీళ్ళు చల్లారిపోతాయి. మళ్ళీ కాచుకుందామంటే కట్టెలు లేవు."

దూచాంగ్ కల్పించుకున్నాడు. "కారణాలు వింటూ కూర్చుంటే ఆజ్ఞకు విలువేముంటుంది? కొరడా తెప్పించు నాయనా."

అంతవరకూ గోడకు ఆనుకుని రొప్పుతున్న ముసలావిడ తల ఎత్తింది. "ఆగవయ్యా పెద్దమనిషీ! ఊళ్ళో అందరి కోడళ్ళూ దండాలు పెడుతున్నారు, ఎవరి అత్తకైనా నొప్పి తగ్గిందా? నా కోడలు దండం పెట్టదు. కాళ్ళు పడుతుంది. కన్నకొడుకు పోయి నేను అన్నం ముద్ద దిగక పడి ఉంటే, బుజ్జగించి తినిపించింది. పుట్టింటికి పొమ్మంటే పోలేదు. దాన్ని కొడతారా?" అని రాజు వైపు తిరిగింది. ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "నాయనా, నీకూ తల్లి ఉండే ఉంటుంది. ఆమె కాళ్ళు నువ్వెప్పుడైనా పట్టావా?"

దూచాంగ్ "ఈ ముసలిదాన్ని బయటికి..." అని లేవబోయాడు. రాజు చెయ్యెత్తి ఆపాడు.

హావో ముఖం పాలిపోయింది. అతనికి తల్లి ఉంది. రాణి కాకముందు ఆమె పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల. గద్దె మీది బిడ్డ పక్కన పల్లెటూరి మనిషి ఉంటే పొరుగు రాజులు చులకన చేస్తారని దూచాంగ్ ఆమెను ఊరవతల మల్బరీ తోటలోని ఇంటికి పంపేశాడు. అప్పుడు పసివాడు, ఏడ్చాడు. తరవాత అలవాటు పడ్డాడు. ఇంకా తరవాత తలుచుకోవడమే మానేశాడు.

"ఈమెను వదిలేయండి" అన్నాడు. "ఇంటికి కట్టెలు పంపించండి."

సభ ముగిశాక గుమ్మం దగ్గర గావోలిన్ ఎదుట ఆగాడు. "గురువుగారూ" అన్నాడు. అలా పిలవడం అదే మొదలు. "నేనేం చెయ్యాలి?"

"ఇందాక ఆ అమ్మ అడిగింది కదా ప్రభూ. నేను కొత్తగా చెప్పేదేముంది?"

హావో గుర్రం కూడా ఎక్కలేదు. భటులను రావద్దన్నాడు. తోటకు నడిచే వెళ్ళాడు.

ఇంట్లో తడికెల మీద పట్టుపురుగులు ఆకులు తింటున్నాయి. ఆ చప్పుడు సన్నటి వాన పడుతున్నట్టుంది. ఒక తెల్లజుట్టు మనిషి తడికెల మీద చేత్తో తడుముతూ ఆకులు సర్దుతోంది. ఆమెకు చూపు దాదాపు పోయింది. ఆ సంగతి కొడుక్కి ఎవరూ చెప్పలేదు. అతను అడగనూ లేదు.

"ఆకులు తెచ్చావా బాబూ? తలుపు వెయ్యి, ఈదురుగాలి తగిలితే పురుగులు చచ్చిపోతాయి" అందామె, తిరిగి చూడకుండానే.

హావో తలుపు వేసి, గుమ్మంలో ఉన్న ఆకుల బుట్ట ఎత్తి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"ఇవాళ కొత్తవాడు వచ్చినట్టున్నాడే. ఎప్పుడూ వచ్చేవాడు దబ్బున పడేస్తాడు" అని నవ్వింది. "కోట దగ్గర నుంచే కదా వస్తావు? మా అబ్బాయి బాగున్నాడా?"

"బాగున్నాడు" అన్నాడు హావో.

"బాగుంటే చాలు. రాజంటే మాటలా? తీరిక ఉండదు. వాడు ఊరేగింపుగా వెళ్ళే రోజున నేను ఆ గోడ పక్కన నిలబడి గుర్రాల చప్పుడు వింటాను. నా బిడ్డ వెళుతున్నాడని తెలిస్తే నాకదే పండగ."

ఇక అతని వల్ల కాలేదు. "అమ్మా!" అంటూ ఆమె కాళ్ళ మీద పడిపోయాడు.

ఆమె చేతిలోని ఆకులు జారిపోయాయి. వంగి అతని తల, చెవులు, గడ్డం తడిమి చూసుకుంది. ఆమె నోట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "అన్నం తిన్నావురా నాన్నా?"

హావో కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయాడు. నీళ్ళు కాచి తల్లి కాళ్ళు కడిగాడు. తొలిసారి నీళ్ళు మరీ వేడిగా పెట్టాడు. ఆమె అబ్బా అని కాళ్ళు తీసేసుకుని, మళ్ళీ కొడుకు నొచ్చుకుంటాడని "బాగుంది, బాగుంది" అంది. తల్లికి ఏ కూర ఇష్టమో, ఏ వైపు తిరిగి పడుకుంటే నొప్పి రాదో ఒక్కొక్కటే తెలుసుకున్నాడు. ఇవన్నీ ఏ దండోరాలోనూ పట్టే సంగతులు కావని అతనికి అర్థమైంది.

ఒకరోజు అతను తల్లితో అన్నాడు. "అమ్మా, నన్ను ఎంత కష్టపడి పెంచావో కదా."

"నేనొక్కదాన్నే ఎక్కడ పెంచానురా?" అందామె. "నువ్వు పుట్టిన ఏడాది శత్రువులు కోట పట్టుకున్నారు. నిన్ను చంకనెత్తుకుని పారిపోయి, మీ చిన్నాన్న కోట తిరిగి గెలుచుకునేదాకా పల్లెల్లో తలదాచుకున్నాను. బెంగతో నాకు పాలు ఆగిపోయాయి. ఏటికట్ట కింది పల్లెల్లో ఆడవాళ్ళు నిన్ను వంతులవారీగా తీసుకుని పాలిచ్చారు. తమ బిడ్డలకు చాలక చాలక ఉన్న పాలు. మనం రాజులమని వాళ్ళకు తెలియదు. ఏడుస్తున్న పిల్లాణ్ణి చూశారు, అంతే. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు నేను. ఇప్పటికీ పొద్దున లేవగానే ఆ పల్లెల వైపు తిరిగి చేతులు జోడిస్తాను."

హావో నోరు తెరుచుకుని విన్నాడు. తను పుట్టుకతోనే రాజుననుకున్నాడు. ఇంతమంది తల్లుల పాలతో బతికినవాడినని ఇన్నేళ్ళూ తెలియదు! ఆ పల్లెల్లో ఎందరిని తన ఆజ్ఞతో క్వారీకి తోలాడో!

ఆ సాయంత్రమే రెండు ఆజ్ఞలూ రద్దు చేస్తూ కబురు పంపాడు. క్వారీలో ఉన్నవాళ్ళలో ఆకలికి గింజలు తీసినవాళ్ళను ఇళ్ళకు పంపమన్నాడు. తల్లిని కోటకు తీసుకెళ్ళాడు. ఆమె పురుగులను వదిలి రానంటే, ఆ తడికెలన్నీ బండ్ల మీద వెంట వచ్చాయి.

అదే నెలలో వానలు పట్టుకున్నాయి. పై కొండల్లో ఎక్కడో తెరిపి లేకుండా కురిసింది. పసుపు నదిలో కలిసే ఏరు ఒకటి యిన్‌షా పక్కనుంచి పోతుంది. అది బురదనీళ్ళతో పొంగి కట్ట అంచులు తాకింది. పడమటి మలుపు దగ్గర కట్ట చెమ్మగిల్లి జారుతోందని కావలివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. కట్ట తెగితే కింది పల్లెలన్నీ కొట్టుకుపోతాయి.

రాజు ఇంకా ఆలోచిస్తుండగానే దూచాంగ్ మూడో ఆజ్ఞ వేసేశాడు. ఇంటికొక మనిషి మట్టిబుట్టతో కట్ట మీదికి రావాలి, రానివాళ్ళను కొట్టి తీసుకురండి అని సేనను పంపాడు. డప్పులూ కొరడాలూ చూసేసరికి జనం గుండెలు జారిపోయాయి. మళ్ళీ క్వారీకి పట్టుకుపోవడానికి వచ్చారనుకుని పిల్లాజెల్లాతో కొండ ఎక్కి పొదల్లో దాక్కున్నారు. కట్ట దగ్గర పిట్ట కూడా లేదు.

"చూశావా! మనుషుల్ని నమ్మితే ఇంతే" అన్నాడు దూచాంగ్.

"తప్పు వాళ్ళది కాదు చిన్నాన్నా. ఇన్నేళ్ళూ మనం నేర్పింది పారిపోవడమే" అన్నాడు హావో. కిరీటం తీసి పక్కన పెట్టాడు. అంగీ నడుముకు బిగించుకుని ఒక బుట్ట అందుకున్నాడు.

వానలో తడుస్తూ కట్ట దగ్గరికి వెళ్ళి మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. రాజు తవ్వుతుంటే సైనికులు చూస్తూ ఊరుకుంటారా? కొరడాలు పారేసి పారలు పట్టుకున్నారు. గావోలిన్ అతుకుల అంగీ పైకి దోపుకుని బుట్టలు అందించాడు. అయినా ఎంతమంది? ఇటు ఒక బుట్ట పోస్తే అటు రెండు బుట్టల మట్టి జారిపోతోంది. హావో అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఒకసారి బుట్టతో సహా బోర్లా పడ్డాడు.

కొండ మీద పొదల్లోంచి జనం చూస్తూనే ఉన్నారు. "ఆ పడ్డది ఎవరు?" అన్నారు. "రాజులాగున్నాడే" అన్నారు. "రాజు బురద మోస్తాడా, నీ పిచ్చి గానీ" అన్నారు.

మొదట కొండ దిగి వచ్చింది చియావో. కుండల మట్టి తవ్వే పార భుజాన వేసుకుని తిన్నగా రాజు దగ్గరికి నడిచింది.

"బుట్ట అలా చేతులతో మోస్తే నడుం విరుగుతుంది ప్రభూ. భుజానికెత్తుకోండి" అంది. "మీరు పంపిన కట్టెలతో మా అత్తమ్మ పొయ్యి రోజూ మండుతోంది. ఆమే నన్ను వెళ్ళమంది."

ఆమె వెనక ఇద్దరు వచ్చారు. ఆ ఇద్దరి వెనక ఒక వీధి వచ్చింది. చూస్తూండగానే కొండ దారంతా మనుషులతో నిండిపోయింది. ఒకరు తవ్వేవాళ్ళు, ఒకరు అందుకునేవాళ్ళు, ఒకరు రెల్లు మోపులు కట్టి మట్టికి అడ్డం పెట్టేవాళ్ళు. ఒకడు కాలు జారి పడితే, పక్కవాళ్ళు నలుగురు చేతులందించి లేపారు. ఎవరు తోశారని ఎవరూ అడగలేదు.

చివరికి దూచాంగ్ కూడా వచ్చాడు. కాసేపు వానలో ఊరికే నిలబడ్డాడు. జనం తన అన్న కొడుకును భుజం భుజం కలిపి ఎలా కాచుకుంటున్నారో చూశాడు. ఆయన కళ్ళలో తిరిగినవి నీళ్ళో, వాన చినుకులో ఎవరికీ తెలియదు. వరసలో నిలబడి బుట్ట అందుకున్నాడు.

ఒక మడి చెక్క కోసుకుపోయింది. రెండు పాకలు కూలాయి. కానీ కట్ట నిలిచింది. వాన తగ్గి, నీళ్ళు కిందికి దిగడం మొదలయ్యేసరికి జనం ఎక్కడివాళ్ళక్కడ బురదలోనే చతికిలబడ్డారు.

అప్పుడు హావో రాజు కట్ట మీద నిలబడ్డాడు. జనం బెదిరి లేవబోయారు. మళ్ళీ ఏం ఆజ్ఞ వేస్తాడో అని!

రాజు ఏ ఆజ్ఞా వేయలేదు. చేతులు జోడించి, నడుము వంచి, వాళ్ళందరికీ నిండుగా నమస్కారం చేశాడు.

"నేను పసిబిడ్డగా ఉన్నప్పుడు ఈ కట్ట కింది తల్లులు నాకు పాలిచ్చి బతికించారట" అన్నాడు. "ఎవరెవరో నాకు తెలియదు. తెలుసుకోవాలన్న బుద్ధి కూడా ఇన్నాళ్ళూ లేకపోయింది. పైగా మిమ్మల్నే బాధపెట్టాను. అమ్మల్లారా, అయ్యల్లారా, నన్ను క్షమించండి. మీ రుణం నేను తీర్చుకోలేను. మరిచిపోకుండా మాత్రం ఉంటాను."

జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. రాజు వంగితే ప్రజలు ఏం చెయ్యాలో వాళ్ళకెవరు చెప్పారు? అంతలో వెనక నుంచి ఒక పళ్ళులేని అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. రాజు దగ్గరికి వచ్చి, బురద కొట్టుకున్న అతని ముఖం ఎగాదిగా చూసింది.

"ఓహో! ఊరంతా నిద్ర లేకుండా చేసిన ఆ ఏడుపుగొట్టు పిల్లాడివి నువ్వేనా?" అంది. "ఎంత పట్టినా కడుపు నిండేది కాదు నీకు!"

అందరికంటే ముందు నవ్వింది రాజే. ఆ నవ్వు కట్ట పొడుగునా పాకింది. దూచాంగ్ నవ్వడం జనం చూడటం అదే మొదటిసారి. హావో ఆ అవ్వ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు ప్రజలు కూడా ఒక్కొక్కరుగా లేచి అతనికి నమస్కరించారు. ఆ రోజు వాళ్ళను వంగమని ఎవరూ చెప్పలేదు, ఎవరు వంగలేదో ఎవరూ చూడలేదు.

తరవాత యిన్‌షాలో ఒక బడి వెలిసింది. కుమ్మరి బిడ్డా, మంత్రి బిడ్డా ఒకే చాప మీద కూర్చున్నారు. గావోలిన్ వాళ్ళకు చదువూ, సంగీతమూ, మనిషి మనిషితో మెలగవలసిన తీరూ చెప్పాడు. రాజు కూడా తీరిక దొరికినప్పుడల్లా వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. ఒకనాడు "మీకు నేనేం ఇచ్చుకోను గురువుగారూ?" అని అడిగాడు.

"నాకు చెప్పినవారికి నేనేమీ తిరిగి ఇవ్వలేకపోయాను నాయనా" అన్నాడు ముసలాయన. రాజును అలా పిలవడం అదే మొదలు. "అందుకే నీకు చెప్పాను. నువ్వు ఇంకొకరికి చెప్పు."

కనుక పిల్లలూ, కృతజ్ఞత అనేది ఆజ్ఞ వేస్తే పుట్టేది కాదు. పెద్దవాడు తాను ముందుగా తల వంచి చూపిస్తే, అది చూసినవాళ్ళ గుండెల్లో తనంతట తానే మొలకెత్తుతుంది.